ఇరవై మూడు గోల్స్ సైదులన్న

నా జీవితంలో నేను ఒకే ఒక్క ర్యాంకుల పట్టిక తయారు చేశాను. దాని దెబ్బకు ఒక పెద్దమనిషి రిటైర్మెంటు కాగితం సంతకానికి ముందే ఆగిపోయింది, ఒకాయన కుడికాలి బూటు గోల్ పోస్టులోకి వెళ్లింది, మటన్ గిన్నెలో ఉండాల్సిన గరిటె వేదిక ఎక్కింది. ఇంత జరిగినా నన్ను ఎవరూ కొట్టలేదు. నల్లగొండ జిల్లా మనుషుల మంచితనం గురించి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నేను ఇవ్వలేను.

మా డిగ్రీ కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మూడేళ్లు నేను అందులో ఎక్స్‌ట్రా ప్లేయర్‌ని. ఆ మూడేళ్లలో నా బూట్లకు మట్టి అంటలేదు. మ్యాచ్ ఉన్నప్పుడల్లా ఆటలు నేర్పే మా పీడీ అంజయ్య సార్ నన్ను పక్కకు పిలిచేవారు.

"అరే శీనుగా, నకిరేకల్ పొయ్యి మంచి నిమ్మకాయలు పట్కరా. నీ లెక్క ఏరేటోడు జట్ల ఒక్కడు లేడు."

నేను బస్సెక్కి వెళ్లి, ఒక్కో కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సంచి నింపుకుని వచ్చేసరికి మ్యాచ్ అయిపోయి ఉండేది. సాధారణంగా మేం ఓడిపోయి ఉండేవాళ్లం. నిమ్మకాయలు మాత్రం నిగనిగలాడేవి. జట్టుకు నేను ఎంత అవసరమో ఆ నిమ్మకాయల్లోనే తెలుస్తోందని నాకు గట్టి నమ్మకం. ఈ నిమ్మకాయల సంగతి జర గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు సార్ రిటైరయ్యారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో చెప్పి ఫోన్ చూస్తూ కూర్చునేవాడిని. పాత ఆటగాళ్లంతా కలిసి సార్‌కు కాలేజీ గ్రౌండులోనే దావత్ ఇవ్వాలనుకున్నారు. మర్రిగూడ నుంచి మల్లేషన్న ఫోన్ చేసి, "పొట్టేళ్లు రెండు నాయి, వంట గూడ నాదే, ఇంకెవ్వడన్న గరిటె పట్టుకుంటే ఊకోను" అన్నాడు. ఇరవై ఏళ్ల కిందట మా కాలేజీకి ఆడినవాడు. ఇప్పుడు వందకు పైగా గొర్లున్నాయి.

హైదరాబాదు నుంచి కాలేజీల ఆఫీసు పెద్దసారు కూడా వస్తున్నారు. అంజయ్య సార్ రిటైర్మెంటు కాగితం మీద ఆయన ఆ గ్రౌండులోనే సంతకం చేస్తారట. సార్ కోరింది మాత్రం ఒక్కటే.

"శాలువలు వద్దు, ముచ్చట్లు వద్దు. ముప్పై ఏండ్లు ఒక్క మాట రాకుంట చేసిన. అందరం కల్సి తిందాం, కాయితం దీస్కొని ఇంటికి పోత. గంతే."

అందరూ తింటారు సరే, మరి చరిత్ర ఎవరు రాస్తారు? ఈ ప్రశ్న వేరెవరికీ రాలేదు. నాకు వచ్చింది. నా జబ్బే అది. విదేశీ ఆటగాళ్లలో ఎవరు ఏ ఏడాది గొప్పగా ఆడారో ర్యాంకులిచ్చే వీడియోలు రోజూ చూసి చూసి, మా కాలేజీకి కూడా అలాంటిది కావాలనుకున్నాను. ముప్పై ఏళ్ల చరిత్రలో ఒక ఆటగాడు ఒకే సీజన్‌లో చూపించిన అత్యుత్తమ ప్రతిభ, మొదటి ఐదు ర్యాంకులు, ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ మీద.

"సార్, పాత రిజిస్టర్లున్న బీరువా తాళం ఇస్తారా?"

"ఎందుకురా?"

"జర చూద్దామని."

"దాంట్ల ఎలుకలున్నయ్. ముట్టకు."

"ఎలుకలకు భయపడను సార్."

"ఎలుకలు నిన్ను జూసి భయపడ్తయ్ రా, పాపం. లిస్టులు గిస్టులు ఏం వద్దు. పో, నీళ్ల ట్యాంకరు జూడు."

ఇంత స్పష్టంగా చెప్పినా అర్థం కాని మనిషి ఒకడు ఉంటాడా అని మీరు అడగవచ్చు. ఉన్నాడు. ఇది రాస్తున్నాడు. సార్ వినయంతో వద్దంటున్నారనుకుని, విజిల్ పక్కన మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకున్నాను.

రిజిస్టర్లు చూసి మురిసిపోయాను. ఎవరు గోల్ కొట్టారో, ఎటువైపు కొట్టారో, సార్ అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. నేను శాస్త్రీయంగా మార్కులు వేశాను. మా గ్రౌండు ఒక పక్కకు వాలి ఉంటుంది, పై నుంచి కిందికి తన్నితే సగం పని గ్రౌండే చేస్తుంది కాబట్టి కింది గోల్‌కు అర మార్కు. ఎదురెక్కి కొడితే రెండు. ఎడమ మూలనున్న రాతిగుండుకు తగిలి లోపలికి వెళ్తే పావు మార్కే, ఎందుకంటే అందులో గుండుకూ వాటా ఉంది. మా కాలం రిజిస్టర్ తెరవనే లేదు. మేం ఎలా ఆడామో నాకు తెలుసు కదా.

మూడు రోజుల లెక్కల తర్వాత నంబర్ వన్ దొరికాడు. కె. సైదులు. ఇరవై ఏళ్ల కిందట ఒకే ఏడాదిలో ఇరవై మూడు గోల్స్! ఫైనల్లో పాలమూరు జట్టు మీద ఐదు! విచిత్రం ఏమిటంటే ఆ ఏడాదికి ముందు సున్నా, తర్వాత సున్నా. మల్లేషన్నకు మిగతా రెండేళ్లూ పేరుంది, గోల్స్ ఉన్నాయి, సరిగ్గా ఆ ఏడాది మాత్రం పేరే లేదు. జట్టు ఫోటో కూడా ఆ ఒక్క ఏడాదే లేదు. నా స్థానంలో పోలీసు కుక్క ఉన్నా వాసన పట్టేది. నేను మాత్రం ఫ్లెక్సీ కోసం ఇలా రాసుకున్నాను: "మెరుపులా వచ్చాడు, మెరుపులా వెళ్లాడు. అదే ఏడాది మల్లేష్ బద్ధకించి ఇంట్లో కూర్చున్నాడు."

సైదులన్న ఇప్పుడు మిర్యాలగూడలో పోస్టాఫీసు ఉద్యోగి. ఫోన్ చేశాను.

"అన్నా, మన కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రల మీకే ఫస్టు ర్యాంకు!"

"ఫుట్‌బాలా? నేనా?"

"ఇరవై మూడు గోల్స్ అన్నా!"

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఎవలు, ఈయననా? గ్యాస్ బండ జరుపుమంటే నడుం వట్టుకుంటడు, ఇరవై మూడు గోల్సా?"

"అవునక్కా! అన్న చాలా గొప్ప ఆటగాడు!" అని నేను అరిచాను.

ఆమె మెల్లగా, "ఏమయ్యా, నాకు ఒక్కనాడన్న చెప్పలే?" అంది. ఆ గొంతులో గౌరవం ఉంది. బహుశా పెళ్లయ్యాక మొదటిసారి. ఇక ఆయన ఎలా కాదంటాడు?

"ఏదో... ఆ వయసుల... ఆడినం తియ్యి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తమ్మీ, అంజయ్య సార్‌కు తెల్సా గిది?" అని అడిగాడు.

"లేదన్నా, సర్‌ప్రైజ్!"

"సచ్చినం," అన్నాడు. గొప్పవాళ్లకు వేదికంటే బెరుకని నాకు అనిపించింది.

మల్లేషన్నకూ ఫోన్ చేశాను. "అన్నా, మీకు నాలుగో ర్యాంకు. ఫస్టు సైదులన్న."

చాలాసేపు గొర్ల అరుపులే వినిపించాయి.

"ఏ సీజను, తమ్మీ?"

చెప్పాను. "ఆ ఏడు మీరు ఆడలేదు కదన్నా. ఇంట్ల కూసున్నరని రాసిన."

"గట్లనే రాసినవా?" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. "సరే తియ్యి. సార్ మంచిగుండాలె గంతే. మటన్ల కారం ఎక్కువ ఎయ్యాల్నా, తక్కువ ఎయ్యాల్నా?"

దావత్ రోజు వచ్చింది. మైకు నా చేతిలోనే ఉంది, ఎందుకంటే అద్దెకు తెచ్చింది నేనే. వేదిక మీద అంజయ్య సార్, ఆయన పక్కన పెద్దసారు, ఆయన ముందు ఫైలు, ఫైల్లో కాగితం. పెద్దసారు పెన్ను మూత తీశారు. సరిగ్గా అప్పుడే నేను, "ఒక్క నిమిషం సార్, సంతకానికి ముందు చరిత్ర!" అని అరిచి ఫ్లెక్సీ మీది దుప్పటి లాగాను.

సార్ ఫ్లెక్సీ చదివారు. ఆయన ముఖంలో రక్తం చుక్క కూడా మిగల్లేదు. నాకు సైగ చేశారు, కళ్లతో ఒకసారి, చేత్తో రెండుసార్లు. ఆనందం పట్టలేకపోతున్నారనుకుని ఇంకాస్త గొంతు పెంచాను.

"ఇరవై మూడు గోల్స్ వీరుడు, సైదులన్న!"

ఇస్త్రీ ప్యాంటు, తళతళలాడే ఆఫీసు బూట్లతో ఆయన వచ్చాడు. భార్య ముందు వరుసలో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. శాలువా కప్పాక నేను మరో ఘనకార్యం చేశాను.

"ఒక్క పెనాల్టీ కొట్టి చూపించాలి అన్నా!"

"మోకాలు, తమ్మీ..."

"కొట్టు, కొట్టు!" అని భార్య అరిచింది.

సైదులన్న ఆకాశంలోకి చూశాడు. పరుగెత్తుకొచ్చి కాలు విసిరాడు. బంతి పెట్టిన చోటే ఉంది. బూటు మాత్రం అందంగా వంపు తిరుగుతూ వెళ్లి గోల్ పోస్టు పై మూలలోంచి లోపల పడింది. మైకులో నేను "గోల్" అనేశాను కూడా.

అందరూ నవ్వారు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. పెన్ను మూత పెట్టేసి లేచారు.

"ఆ ఫైనల్ల పాలమూరు గోల్‌కీపర్‌ను నేనే. ఐదు గోల్స్ తిన్న. నాకు గోల్ కొట్టిన మనిషిని ఇరవై ఏండ్ల నుంచి మర్చిపోలే. ఈయన కాదు."

పొయ్యి దగ్గరున్న మల్లేషన్న ఏం జరిగిందో చూద్దామని గరిటె పట్టుకునే వేదిక ఎక్కాడు. పెద్దసారు ఆయన వైపు వేలు చూపించారు.

"గదుగో! గాయనే సైదులు!"

నా కాళ్ల కింద గ్రౌండు ఇంకాస్త వాలినట్టనిపించింది. అంజయ్య సార్ నెమ్మదిగా లేచి, నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"సార్, ఆయన మల్లేషు. ఆ ఏడు వాళ్ల నాయిన మోకాళ్లు వంగిపొయ్యి మంచం వట్టిండు. గొర్లను గీ పిలగాడే కృష్ణ ఒడ్డుకు తోలుకపోవాల్సొచ్చింది. హాజరు సాలక కాలేజీల పేరు కొట్టేసిన్రు. మ్యాచు నాడు మాత్రం గొర్లను ఎవలకో అప్పజెప్పి బస్సెక్కి వచ్చేది. గసువంటోన్ని ఆడనియ్యక ఎట్లుంట? సైదులు పేరు రాసిన. తప్పు నాది. కాయితం మీద సంతకం పెట్టకుంటె పెట్టకుండ్రి."

"నన్ను గూడ అడగలే సార్," అన్నాడు సైదులన్న ఒంటి బూటుతో. "మల్లేషు కాలు బెణికితే నేను వారం దినాలు కట్టు కట్టుకొని కుంటిన, సార్!"

ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్ల మంచి పేరును నేను ఎనిమిదడుగుల ఫ్లెక్సీతో పాతిపెట్టానని అప్పుడు అర్థమైంది. నిజంగా ఏడుపొచ్చింది. పెద్దసారు నా వైపు తిరిగారు.

"నీ రిజిస్టర్ల, ఐదు గోల్స్ తిన్న మా కీపర్ పేరేం రాసుంది?"

సాక్ష్యానికని వేదిక మీదికి తెచ్చుకున్న రిజిస్టర్ తెరిచి చదివాను. "బి. కృష్ణయ్య, సార్."

"నా పేరు కృష్ణయ్యనా?"

ఫ్లెక్సీ కింద ముఖ్య అతిథి అన్నచోటా, ఆహ్వానపత్రిక మీదా ఆయన పేరు ఉంది. అందులో కృష్ణయ్య ఎక్కడా లేదు.

"లెక్కల పరీక్ష తప్పితే నన్ను గూడ ఇంకొకని పేరు మీదనే ఆడిచ్చిన్రు," అని ఆయన కూర్చుని, పెన్ను మూత తీసి, సంతకం పెట్టేశారు. "ఆ ఐదు గోల్స్ తిన్నది కృష్ణయ్య. పాపం, ఆయన ఇప్పటికీ నాతోని మాట్లాడడు."

నవ్వుల్లో షామియానా ఊగింది. అంజయ్య సార్ పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెప్పించి, ఫ్లెక్సీ మీద సైదులు పేరు కొట్టేసి, ఆ ముత్యాల అక్షరాలతోనే మల్లేష్ అని రాశారు. మల్లేషన్న గరిటెతోనే దండం పెట్టాడు. "పొగ, సార్, పొగ," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. పొయ్యి అక్కడికి వంద గజాల దూరం. నేను వెళ్లి, బద్ధకించాడని రాసినందుకు క్షమించమని ఆయన చేతులు పట్టుకున్నాను. శాలువా మాత్రం సైదులన్న తిరిగి ఇవ్వలేదు. వారం రోజులు కుంటినందుకు అది తనదే అన్నాడు. ఆయన భార్య కూడా ఒప్పుకుంది.

తినేటప్పుడు సార్ పక్కన కూర్చుని, "సార్, మీకు ఇట్లాంటి పని చేయాల్సిన అవసరం మళ్లీ ఎప్పుడూ రాలేదు కదా?" అని అడిగాను.

సార్ బొక్క చప్పరించి పక్కన పెట్టారు.

"మీ కాలం రిజిస్టర్ జూసినవా?"

"లేదు సార్. నేను అసలు ఆడనే లేదు కదా."

"మూడేండ్లల్ల ఏడు గోల్స్ కొట్టినవ్ రా. దాంట్ల ఒకటి తలతోని. లేకుంటె మ్యాచ్‌కు మ్యాచ్‌కు నిన్ను నకిరేకల్ ఎందుకు తోలిన అనుకుంటున్నవ్?"

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. వెయ్యి నిమ్మకాయలు ఒక్కసారిగా నా కళ్ల ముందు దొర్లాయి.

అందుకని పాఠకుల సమక్షంలో, కుడిచేయి గుండె మీద పెట్టుకుని, ఎడమచేతిలో నిమ్మకాయ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎవరికీ ర్యాంకులు ఇవ్వను. ఏ బీరువా తాళమూ అడగను. మా ఆవిడ వండినది బాగుందా, మా అమ్మ వండినది బాగుందా అంటే నోరు తెరవను. తలతో కొట్టిన ఆ గోల్ మాత్రం రిజిస్టర్‌లోంచి కొట్టేయమని ఎవరైనా అంటే ఒప్పుకోను. అది ఎదురెక్కి కొట్టింది, రెండు మార్కులు.