చేటలో తడి నోట్లు

ముసురు పట్టిందంటే మా వంటింట్లో బెల్లం చెమ్మగిల్లి, డబ్బా అడుగుకు జారి, పులిసిన వాసన వేస్తుంది. మా కోడలికి అది గిట్టదు, డబ్బా బయట పెట్టమంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే మా అత్త వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. పంతొమ్మిదివందల నలభైల్లో అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టుకు వెళ్ళే దారిలో, ఒక పెంకుటింట్లో ఆవిడా, మా ఆయనా, నేనూ ఉండేవాళ్ళం. మా ఆయన మార్కెట్టులో బెల్లం దిమ్మల ముందు నిలబడి వేలంపాట నడిపేవారు.

అత్త రంగూన్‌లో కాపురం చేసిన మనిషి. జపానువాళ్ళ యుద్ధం మీదికొచ్చినప్పుడు భర్తతో, కొడుకుతో అడవుల వెంట నడిచి వచ్చింది. దారిలో ఎవరో ఆకలని ఏడిస్తే జాలిపడి అందరి ముందూ డబ్బు మూట విప్పిందట. తెల్లారేసరికి మూట లేదు. జ్వరమొస్తే మందు కొనే దారిలేక మామగారు ఆ అడవిలోనే పోయారు. అప్పటినుంచి ఆవిడకు డబ్బంటే భయం. కొడుకు జీతం చేతికొచ్చిందంటే ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలిసేది కాదు. “ఉన్నాదని పదిమందికీ తెలిత్తే ఉండదే అమ్మీ,” అనేది. పిసినారి అని నేను లోలోపల తిట్టుకునేదాన్ని గానీ, పాపం, తనకోసం ఒక రవికెగుడ్డ కూడా కొనుక్కున్న మనిషి కాదు.

ఒక వానాకాలం మా ఆయనకు చెవిపోటు, జ్వరం వచ్చాయి. చెవి వెనక వాచింది. అత్త వెల్లుల్లి నూనె కాచి పోసింది. డాక్టరును పిలుద్దామన్నాను.

“డబ్బులేవీ? ఉంటే నానియ్యనేటి?”

“మొన్న తెచ్చిన జీతం ఏటయ్యింది అత్తా?”

“నేదని సెప్పేను కదా. తగ్గిపోద్దిలే.”

ఉందని నాకు తెలుసు. ఎక్కడుందో తెలియదు. ఆయనకు జ్వరం ముదిరి మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాక, అత్తనడగకుండా నేనే వెళ్ళి డాక్టరును బతిమాలి తీసుకొచ్చాను. చీము తలకెక్కుతోందనీ, ఈ పూటే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించకపోతే మనిషి దక్కడనీ డాక్టరు చెప్పారు.

అత్త వంటింటి అటక మీంచి బెల్లం కుండ దించింది. మా ఊళ్ళో బెల్లం కుండ లేని ఇల్లుండదు, దాంట్లో చెయ్యిపెట్టి చూసే దొంగా ఉండడు. ఆకులో చుట్టి నోట్లు అందులో దాచింది. ఆ వానలకు బెల్లం కారి, నోట్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, చీమలతో సహా ముద్దగా చేతికొచ్చాయి. ఆ క్షణాన ఆవిణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. నీళ్ళు వెచ్చబెట్టి కడిగాం. బెల్లం కరిగి నోట్లు విడివడ్డాయి. కొన్ని చిరిగాయి, చాలావరకు దక్కాయి. కానీ ఎండ లేదు, రైలుకు వేళవుతోంది. వాన కాస్త తెరిపిచ్చింది. అత్త ఆ తడి నోట్లను చేటలో పరిచి, ఆయన్ని పడుకోబెట్టిన జట్కా ఎక్కి, చేట ఒళ్ళో పెట్టుకుంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

“అవేటి నరసమ్మా?” అన్నాడు పొరుగింటి ముసలాయన.

“డబ్బులు మావా.” అత్త చేట కాస్త ఎత్తి చూపించింది. “దాసేను. నా గుంటడికి నేదన్నాను. ఉన్నాయి, ఇయ్యే.”

అడవిలో మూట పోయాక నలుగురిలో ఆవిడ డబ్బు బయటపెట్టడం అదే మొదలు. ముసలాయన లోపలికెళ్ళి పొడి నోట్లు తెచ్చి చేటలో పెట్టి, అంతే విలువకు తడివి తీసుకున్నాడు. “ఇయ్యి నాను ఆరబెట్టుకుంతాను. నువ్వెల్లు,” అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అలాగే చేశారు. అత్త తలెత్తి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. జట్కా కదిలాక మాత్రం ఆగకుండా ఏడ్చింది.

ఆయన బతికారు, కానీ చీము తలకెక్కడంతో రెండు చెవుల వినికిడీ పూర్తిగా పోయింది. పాటకొచ్చినవాళ్ళ మాట వినబడని మనిషికి వేలం పనేముంటుంది? అదే మార్కెట్టులో దిమ్మలు పేర్చే పనిలో చేరారు. తొలి జీతం తెచ్చి ఎప్పట్లాగే తల్లి చేతికిచ్చారు. అత్త దాన్ని లోపలికి తీసుకెళ్ళలేదు. నన్ను పిలిచి, కొడుకును ఎదురుగా కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్నదంతా చాప మీద పోసింది. ఇది బియ్యానికి, ఇది అద్దెకు, ఇది కష్టకాలానికి అని నాకు చెబుతూ, ఆయనకు చేత్తో సైగ చేసి చూపించింది.

“ఇంతేనా అమ్మా మనకున్నది?” తన గొంతు తనకు తెలియక ఆయన వీధికంతా వినబడేలా అడిగారు.

మునుపైతే అత్త ఆయన నోరు మూసేది. “ఇంతేరా నాయనా,” అంది అత్త, ఆయనకు వినబడదని తెలిసీ అంతే గట్టిగా. పోయేదాకా ఆవిడ ప్రతినెలా ఆ చాప పరిచింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎంతుందో కోడలికీ తెలుసు, మనవలకూ తెలుసు. లేని నెల లేదనే చెబుతాను, అందులో నాకు సిగ్గులేదు. ఉండి లేదనడం మాత్రం నావల్ల కాదు. అత్త ఆ మాట అన్నందుకు మా ఆయన ఆ తర్వాత పుట్టిన తన పిల్లల గొంతు ఒక్కనాడూ వినలేదు.