క్రిడ్లాండ్ నోట రాకూడని థాంక్స్

మ్యూరియల్ గ్రీవ్స్ ముప్ఫై ఎనిమిదేళ్లుగా లీడ్స్‌లో టీవీ షూటింగులకు కంటిన్యుటీ చూస్తోంది. ఒక షాట్‌లో కుడిచేతిలో ఉన్న గొడుగు తర్వాతి షాట్‌లో ఎడమచేతికి మారకుండా కాపలా కాయడం ఆ పని. డిటెక్టివ్ క్రిడ్లాండ్ కథలు ఆమె కళ్లముందే మూడోసారి తెరకెక్కుతున్నాయి. పుస్తకాల్లో క్రిడ్లాండ్ లావుపాటి మనిషి, బిడియస్తుడు. టీ తెచ్చిన పనిమనిషికి కూడా లేచి నిలబడి థాంక్స్ చెబుతాడు. అందుకే పనివాళ్లు ఆయన దగ్గర నిజం దాచరు. మొదటి సీరియల్లో ఆయన సన్నబడ్డాడు. రెండోదాంట్లో తాగుబోతయ్యాడు. ఇప్పుడేమో ఎవరి మొహమూ చూడని మేధావి.

ఈ సీరియల్‌తో మ్యూరియల్ రిటైరవుతోంది. ఈలోగా ఒక్కసారైనా అసలు క్రిడ్లాండ్ తెరమీద కనిపిస్తే చాలనుకుంది.

ఆ రోజు సీన్లో పనిమనిషి వేషం కట్టిన అమ్మాయి కప్పు అందించింది. క్రిడ్లాండ్‌గా నటిస్తున్న గారెత్ "థాంక్స్" అన్నాడు.

"కట్. స్క్రిప్టులో థాంక్స్ లేదు గారెత్," అన్నాడు డైరెక్టర్ టోబీ.

"సారీ. నోట్లోంచి వచ్చేసింది."

రెండోసారీ వచ్చేసింది. ఐదోసారీ వచ్చేసింది. ఎవరైనా కప్పు చేతికిస్తే ఊరుకోవడం అతనికి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అలవాటు లేదు.

"పీక నొక్కేవాడికీ సారీ చెప్పేలా ఉన్నావయ్యా," అన్నాడు కెమెరామన్.

ఏడో టేకు పూర్తయ్యేసరికి కిటికీలో వెలుగు పోయింది, ఇక మళ్లీ తీయడం కుదరదు.

"అలాగే ఉండనివ్వు బాబూ," అంది మ్యూరియల్ టోబీతో. "పుస్తకంలో అంటాడు."

"పుస్తకం ఎవరు చదివారు మ్యూరియల్? మర్యాదస్తుణ్ణి చూడ్డానికి ఎవడు టీవీ పెడతాడు?"

"మరి పనిమనిషి అతనికి నిజం ఎందుకు చెబుతుంది?"

"భయపడి."

మ్యూరియల్ తన షాట్ల లిస్టులో ఏడో టేకు పక్కన 'థాంక్స్‌తో బాగుంది' అని రాసిచ్చింది. ఎడిటింగులో చూద్దాంలే అన్నాడు టోబీ. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

మార్చిలో ప్రసారమైంది. పక్కింటి బెరిల్ బిస్కెట్ల డబ్బాతో వచ్చి కూర్చుంది. టీ సీన్లో గారెత్ వీపు మాత్రమే కనిపించింది. థాంక్స్ తుడిచేశారు. ఆ మాటకు పనిమనిషి నవ్విన చిన్న నవ్వు మాత్రం మిగిలిపోయింది.

"చూశావా, ఊరికే ఎలా నవ్విందో," అంది బెరిల్. "హంతకురాలు ఇదే. రాసిపెట్టుకో."

"కాదులే."

"మరి ఎందుకు నవ్వినట్టు?"

మ్యూరియల్ చెప్పబోయి, ఓపిక లేక బిస్కెట్ టీలో ముంచుకుంది.