మంచు చాటు పొగ

మొన్న జనగామ కాలేజీలో అడవుల రక్షణ మీద సభ పెడితే, ఎవరూ పిలవకపోయినా వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. నేను ముందు కూర్చుంటే మాట్లాడేవాళ్లు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని మా ఆయన ఎద్దేవా. అడవుల శాఖ కుర్ర అధికారి తెర మీద కాలిపోయిన అడవి బొమ్మలు చూపిస్తూ, ఇప్పపువ్వు ఏరేవాళ్లూ తునికాకు కోసేవాళ్లూ పెట్టే నిప్పే దీనికంతటికీ మూలమని, మనిషి అడుగు పడకపోతే అడవిలో మంటే పుట్టదని తేల్చేశాడు. నేను లేచి, మనుషుల్ని అడవికి దూరం చేశాకే నా కళ్లారా పెద్ద మంటను చూశాను నాయనా, దానికేమంటావు అన్నాను. అతను ఓపికగా విని, ఇప్పుడు మిగిలిందే గుప్పెడు అడవి, అందరూ ఎర్రటి ఎండలో అంటించి పోతుంటే మొక్క ఎలా లేస్తుందమ్మా అన్నాడు. అది అబద్ధమని అనలేకపోయాను. అనాలని మాత్రం చాలా ఉండింది.

ఇంటికొచ్చినా తెర మీది ఆ నల్లని నేల కళ్ల ముందు నుంచి పోలేదు. చిన్నప్పుడు అలాంటి నేల మీద నడిచినదాన్ని నేను.

మాది నర్మెట్ట వైపు ఊరు. దొరల మీద పోరాటంలో మా నాన్న, నేను బాపు అనేదాన్ని, దళంతో కలిసి అడవి పట్టాక, దొర మనుషుల కన్ను మా మీద పడుతుందన్న భయంతో, మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, నన్ను కన్న అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని మానుకోట అవతల అడవి అంచున ఉన్న తన పుట్టింటి పల్లెకు చేరింది. రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి తీసుకునేలోపే మిలిటరీ వచ్చి వాగు ఒడ్డున డేరాలు వేసింది. బాపు ఆ అడవిలోనే ఎక్కడో ఉన్నాడని మా ముగ్గురికీ తెలుసు. తెలియనట్టు బతకడమే మా పని. కుక్క మొరిగినా, బూటు చప్పుడైనా, అవ్వ చేతిలోది కింద పెట్టి నా నోటి వైపు చూసేది, ఎక్కడ బాపు మాట జారుతానోనని.

ఆ పల్లెలో ఏటా మాఘంలో ఆడవాళ్లు అడవిలోకి పోయి ఇప్పచెట్ల కింద రాలిన ఆకును మంచు తడి ఆరకముందే కొంచెం కొంచెంగా కాల్చి, పచ్చి మండలతో కొట్టి ఆర్పి వచ్చేవారట. నల్లబడ్డ నేల మీద రాలితే పువ్వు తెల్లగా కనబడుతుంది, ఏరడం సులువు. అంతకు మించి అడవిని ఉద్ధరిస్తున్నామని ఎవరూ అనుకోలేదు. కానీ ఎండాకాలంలో ఎక్కడైనా మంట లేస్తే ఆ నల్ల మడుల దాకా వచ్చి తినడానికేమీ లేక పడుకునేది. పశువులు మేసిన చోటా అంతే. క్యాంపు పడ్డాక ఆ రెండూ పోయాయి. అడవిలో పొగ లేస్తే దళం వంట చేసుకుంటున్నట్టే లెక్క, అటే కాల్పులని అధికారి చాటింపు వేయించాడు. మేతకు తోలడమూ బంద్. ఆకు మీద ఆకు పడి, రెండో ఏటికి అడుగేస్తే చీలమండ మునిగేది.

బాపమ్మ ఒకసారి క్యాంపు దాకా పోయి, ఒక్క పొద్దు ఆకు కాల్చుకుంటామని అడిగి వచ్చింది. ఏమన్నారని అవ్వ భయపడుతూ అడిగితే గంప దించి కూర్చుని, "పొగ కనవడితె మనల కాలుస్తడట. ఆకు గిట్లనే ఉంటె అడవి కాలుస్తది. ఎవల చేతిల కాలాల్నో జర నువ్వే చెప్పు బిడ్డా" అంది. నా నోటికి ఆ దురుసుతనం ఎక్కడినుంచి వచ్చిందో అడిగేవాళ్లకు ఇదే జవాబు.

అడవిలో ఒకచోట ఇప్పచెట్లు గుంపుగా ఉండేవి. పువ్వు ఏరే వంకతో బాపమ్మ జొన్న గటక వండిన కుండ దాచి వచ్చేది అక్కడే. బాపు ఎప్పుడో వచ్చి తిని పోయేవాడు. ఆ మాఘంలో, చేయి చాపితే వేళ్లు కనబడనంత మంచు పట్టిన ఒక ఉదయం, బాపమ్మ నన్ను వెంట తీసుకుని అక్కడికి పోయింది. మంచులో పొగ కనబడదని ఆమె ధైర్యం. ఆకును చిన్న చిన్న కుప్పలు చేసి అంటిస్తే, తడికి మంట తక్కువ, పొగ ఎక్కువ. నన్ను వాగు వైపు నిలబెట్టి, "చెట్ల కొసలు కనవడితె చెప్పు పోరీ, దగ్గినవో నీ వీపు పలుగుతది" అంది. పొగ గొంతులో గుచ్చుకుంటుంటే రెండు చేతులతో నోరు మూసుకుని పైకి చూస్తూ నిలబడ్డాను. మంచు పలచబడుతున్న కొద్దీ, ముందు బయటపడేది మేమా పొగా అన్నది తెలియక నోరు ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. కొసలు కనబడేసరికి బాపమ్మ చివరి కుప్పను మండతో కొట్టి ఆర్పుతోంది. తర్వాత పువ్వు ఏరినన్నాళ్లూ రాలిన ఆకును రాలినట్టు ఊడ్చేస్తూనే ఉంది.

వైశాఖంలో మంట వచ్చింది. మిట్టమధ్యాహ్నం, అడవి లోపలినుంచి రైలు వస్తున్నట్టు మోత. ఊరంతా వాగు ఇసుకలోకి పరుగెత్తింది. దళమే అంటించిందని మిలిటరీ, మిలిటరీయే అంటించిందని ఊరు. అంటించింది ఎవరైతేనేం, రెండేళ్ల ఆకును పరిచిపెట్టింది ఆ చాటింపే అని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఆ రోజు మాత్రం వాదం లేదు. బయటికొస్తే తుపాకులు, లోపలుంటే మంట, మధ్యలో బాపు. అవ్వ ఇసుకలో మొహం దాచుకుంది. బాపమ్మ ఒక్క దిక్కే చూస్తూ నిలబడింది.

మర్నాడు, మేక తప్పిపోయిందని చెప్పి బాపమ్మ నన్ను తీసుకుని లోపలికి పోయింది. కాళ్ల కింద బూడిద ఇంకా వేడిగా ఉంది, పిట్ట కూత లేదు. నల్లగా కనబడిన ప్రతి మొద్దూ నాకు మనిషిలాగే తోచి కళ్లు మూసుకుని ఆమె కొంగు పట్టుకుని నడిచాను. కళ్లు తెరిచేసరికి, నలుదిక్కులా నలుపు మధ్య ఇప్పచెట్లు రాగిరంగు చిగుళ్లతో నిలబడి ఉన్నాయి. కింద ఎవరూ లేరు. గటక కుండ ఖాళీగా, బోర్లించి ఉంది. తిన్నాక కుండ బోర్లించడం బాపు అలవాటు. దాని మీద మంట ఎగరేసిన మసి సన్నగా పరుచుకుని ఉంది, అంటే తిన్నది మంటకు ముందు. పక్కన బూడిదలో మాత్రం ఒక కాలి జాడ, మంట ఆరాక నడిచి పోయినది. అప్పటిదాకా కంటతడి పెట్టని బాపమ్మ ఆ కుండను ఒళ్లో పెట్టుకుని కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు కూడా క్యాంపుకు వినబడకూడదు కదా.

పోరాటం ఆగాక బాపు ఇంటికొచ్చాడు, అరికాళ్లు కాలి ముడుచుకుపోయి. ఆ పగటి గురించి ఒక్కసారే మాట్లాడాడు, తల్లితో: "అవ్వా, నువ్వు ఊడ్చిన జాగల బోర్ల పన్న. గందుకే పానంతోని ఉన్న." బతికినన్నాళ్లూ, పొయ్యి రాజేస్తే చాలు, వాకిట్లోకి వెళ్లి పొగ ఎటు పోతోందో చూసి వచ్చేవాడు.

ఈమధ్య మానుకోట పోయినప్పుడు ఆ పల్లె దాకా వెళ్లాను. ఇప్పచెట్లు లేవు, వరుసలు తీర్చిన జామాయిల్ తోట, నిప్పు పెట్టుట నేరమని ఒక బోర్డు. మంచు పట్టే పొద్దు కోసం కాచుకునే ఆడవాళ్లూ లేరు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి, పొగే లేదు. అయినా మాఘం ఉదయాల్లో ఎదురింటావిడ వాకిలి ఊడ్చి ఆకుకు నిప్పు పెడితే, నేను గడపలో నిలబడిపోతాను, నోటికి చేయి అడ్డం పెట్టుకుని. మంచు జర విడిపోకుండా ఆగితే బాగుండునని.