బెంజమిన్ సార్ పాపం అన్నప్పుడు

వేడెక్కిన మెషిన్ నూనె వాసన తగిలితే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. హోసూరులో నేను పనిచేసిన ఫ్యాక్టరీలో తోటి కార్మికుడు మునెప్ప వేళ్లు ప్రెస్ మెషిన్ కింద నలిగాయి. చెయ్యి అడ్డొస్తే మెషిన్‌ను ఆపే సెన్సర్ ఆ రోజు పనిచేయలేదు. దాన్ని ఆపించింది బెంజమిన్ సారేనని చాలామంది నేటికీ నమ్ముతారు. ఆపింది నేను. విచారణలో ఆ మాట చెప్పలేదు.

సార్ మా షిఫ్టు సూపర్‌వైజర్. ఆదివారాల్లో సూళగిరిలోని చిన్న చర్చిలో బైబిల్ వాక్యం చెప్పేవారు. ఎవరైనా ఆలస్యంగా వచ్చి తప్పు బస్సు మీదకు నెట్టేస్తే, "పాపం, తప్పంతా బస్సుదేనా అప్పా?" అని అందరినీ నవ్వించేవారు. సార్ కోసమే నేను చర్చికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం వాక్యంలోనూ ఆ 'పాపం' అన్న మాటే ఎత్తుకున్నారు. "మనం చేసేదీ పాపమే, చేసినోణ్ణి చూసి జాలితో అనేదీ పాపమే. మన పాపాన్ని చూసి పాపం అనేది దేవుడప్పా. సిలువ మీద యేసయ్య చేసింది అదే. అయితే మొదటి పాపాన్ని మన నోటితో మనం ఒప్పుకోవాల."

పని తొందరగా తెమలాలని సెన్సర్ ఆపాను. భోజనానికి వెళ్తూ తిరిగి వేయడం మరిచాను. నా తర్వాత ఆ మెషిన్ ముందు కూర్చున్నది మునెప్ప. "షిఫ్టు నాది, తప్పూ నాదే" అని విచారణలో చెప్పి సార్ ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు.

ఏళ్ల తర్వాత, జబ్బుపడిన ఆయన మంచం పక్కన కూర్చుని నిజం చెప్పాను. ఆయన తల నావైపు తిప్పారు.

"నువ్వా? నేను ఇన్నాళ్లూ మన షిఫ్టు ఎలక్ట్రీషియన్ని అనుమానించినాను. ఇప్పుడు వాణ్ణి నేను క్షమాపణ అడగాల."

"నన్ను క్షమించండి సార్."

"క్షమించినాను. దేవుడూ క్షమిస్తాడు. కానీ పోయింది నా వేళ్లు కాదు కదా శేఖరా. ఉద్దనపల్లికి, మునెప్ప దగ్గరికి పో."

ఆయన బతికుండగా వెళ్లలేకపోయాను. సార్ సమాధి కార్యక్రమానికి వచ్చిన పాత కార్మికుడొకడు, "మంచోడే, ఆ ఒక్క తప్పు చేయకుండా ఉండాల్సింది" అన్నాడు. మరునాడే బయలుదేరాను.

మునెప్ప టమాటా మొక్కలను కట్టెలకు కడుతున్నాడు. తాడు ఒక కొసను పళ్లతో పట్టుకున్నాడు. నన్ను చూసి వదిలాడు.

"ఏమప్పా శేఖరా, దారి తప్పి వచ్చినావా? రా, కూచో."

నేను కూర్చోలేదు.

"మునెప్పా, ఆ పొద్దు సెన్సర్ ఆపింది సార్ కాదు, నేను. ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. నీ చెయ్యి ఇట్లా అయింది నా వల్ల. నన్ను క్షమించప్పా" అన్నాను.