కొండ భాషలో నేను చెప్పిన మాట

ఖరీఫ్ మొదలైతే ఈ అరబ్బు దేశపు సలాలాలో బట్టలు ఆరవు. ఈ ఉదయం డ్యూటీకి బయలుదేరుతూ, తడి వదలని యూనిఫాం మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచిన ఆవిరి వాసన నన్ను ముప్పై ఏళ్ళ వెనక్కి, ఈ ఊరి పైన కొండల్లోని రెండు గదుల నర్సు క్వార్టర్‌లోకి లాక్కుపోయింది. మనకు ఖరీఫ్ అంటే పంట. ఇక్కడ ఖరీఫ్ అంటే సముద్రం మీంచి వచ్చి మూడు నెలల పాటు కొండల్ని కప్పేసే మబ్బు, ఆగని ముసురు, రాళ్ళ సందుల్లోంచి వారం తిరక్కుండా మోకాలెత్తు లేచే పచ్చిక.

మా అమ్మ కాకినాడలో నర్సింగ్ చదివి, ఆ కొండమీది చిన్న ఆరోగ్య కేంద్రంలో చేరింది. నాన్నకు రైసూత్ పోర్టులో పని. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం సాయంత్రం చేపలో కొబ్బరిబోండాలో పట్టుకుని పైకి వచ్చేవాడు. చుట్టుపక్కల ఉండేవాళ్ళు తరతరాలుగా ఆ కొండల్లోనే ఆవుల్నీ ఒంటెల్నీ మేపుకుంటున్నవాళ్ళు. వాళ్ళ భాష అరబ్బీకి దూరపు చుట్టం, రాత లేనిది. పక్క ఇంటి సల్మాతో గులకరాళ్ళాట ఆడుతూ, దూడల వెంట బురదలో జారిపడుతూ, నాకు తెలియకుండానే ఆ భాష నేర్చేసుకున్నాను. అరబ్బీ బడిలో అబ్బింది.

సల్మా వాళ్ళ నానమ్మ పాలు కాచే తీరు చూడ్డానికే రోజూ వెళ్ళేదాన్ని. నిప్పుల్లో కాల్చిన గులకరాళ్ళను పాలలో వేస్తే చుయ్యిమని పాలు పొంగేవి; పొగ పట్టించిన గిన్నెలో ఆ పాలు తాగితే మూతి చుట్టూ మాడు వాసన సాయంత్రం దాకా ఉండేది. ఒక వినాయక చవితికి పత్రి దొరక్క అమ్మ దిగాలుపడితే, ఆ ముసలమ్మ వానలో తిరిగి ఒడినిండా ఆకులూ గడ్డీ కోసుకొచ్చి గడపలో పెట్టింది. ఎందుకని అడగలేదు, మట్టి బొమ్మని చూసి నవ్వలేదు. అమ్మ ఇచ్చిన ఉండ్రాళ్ళు కొంగులో మూటకట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మ కూడా వాళ్ళ దగ్గర అలాగే ఉండేది. ఆడవాళ్ళు వస్తే ముందు కిందే వాళ్ళ పక్కన కూర్చునేది. ఆవుల సంగతి, పిల్లల సంగతి అడిగేది. తలుపు వేసి, ముట్టుకోవచ్చా అని నా చేత అడిగించి, అప్పుడు నాడి చూసేది.

నాకు పదేళ్ళప్పుడు కొత్త డాక్టరొచ్చాడు. ఆ ఖరీఫ్‌లో ఒకరోజు ముసలమ్మ కడుపు పట్టుకుని వచ్చింది. అమ్మ వెనక గదిలో పిల్లలకు టీకాలు వేస్తోంది. ఆమె మాటలు డాక్టరుకి చెప్పడానికి నేనున్నాను. డాక్టరు తలుపు తెరిచే ఉంచి ఆమెను బల్లమీద పడుకోమన్నాడు. బయట మగవాళ్ళున్నారు. ఆమె కదల్లేదు. ఆయన విసుక్కుంటూ తనే పైబట్ట తొలగించాడు. పొట్టమీద పాత వాతలు కనిపించాయి. నొప్పికి వాత పెట్టడం వాళ్ళ వైద్యం.

"ఒంటెకి పెట్టినట్టు పెట్టించుకుందే! మనిషా పశువా అని అడుగు," అన్నాడు అరబ్బీలో నావైపు తిరిగి. అంతకుముందే నన్ను తెలివైన పిల్ల అని మెచ్చుకున్నాడు. ఆ పొంగులో ఒక్క మాట వదలకుండా కొండ భాషలో చెప్పేశాను. చివర్లో నవ్వాను కూడా.

ఆమె బట్ట సర్దుకుంది. నావైపు ఒకసారి చూసి, మబ్బులోకి నడిచి వెళ్ళిపోయింది.

ఊడ్చే ఆవిడ చెబితే సాయంత్రానికి అమ్మకు తెలిసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఆయన అన్నాడు, సరే. దాన్ని ఆవిడకి అర్థమయ్యేట్టు చేసింది నువ్వే కదే."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. చెప్పులు విడిచి గుమ్మం బయట తడి రాళ్ళమీద కూర్చుంది. తుంపర జడమీంచి కారుతున్నా లేవలేదు. చాలాసేపటికి ముసలమ్మ వచ్చి గడప లోపల కూర్చుంది.

"మా అమ్మమ్మకి కామెర్లొస్తే ముంజేతి మీద వాత పెట్టారని చెప్పు. నువ్వన్నదానికి క్షమించమని కూడా అడుగు."

మొదటిది చెప్పాను. రెండోదానికి నోరు పెగల్లేదు. ఆ భాష రాని అమ్మ, నేను రెండూ చెప్పేశాననుకుని చేతులు జోడించింది. ముసలమ్మ లోపలికి వెళ్ళి ఇద్దరికీ పాలు తెచ్చింది, కానీ ఆరోగ్య కేంద్రానికి మాత్రం మళ్ళీ రాలేదు. మబ్బులు విడిచాక నొప్పి ముదిరితే కొడుకు కిందికి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అప్పటికే ఆలస్యమైందన్నారు. నాలుగు రోజులకు పోయింది. ఆ రోజు నేను క్షమించమని అడగలేదన్న సంగతి అమ్మకు ఎప్పటికీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఆడవాళ్ళను చూడటానికి ఆడ డాక్టర్లున్నారు, ప్రతి మంచానికీ తెర ఉంది, కొండ భాష మాట్లాడే ఒకావిడ ముందు గదిలోనే కూర్చుంటుంది. వాతలు కనిపిస్తే ఎవరూ ఏమీ అనరు. అమ్మ పనిచేసిన చోట రోడ్డు వెడల్పు చేశారు. మా క్వార్టర్ లేదు, పాలలో రాళ్ళు వేసే ఇల్లూ లేదు. ఆ భాష నా నోటినుంచి ఎప్పుడు జారిపోయిందో కూడా నాకు తెలియదు.

పోయిన నెల సల్మా కూతుర్ని తీసుకుని మా వార్డుకు వచ్చింది. ఆ పిల్లకు అరబ్బీ తప్ప ఇంకేమీ రాదు. ఇద్దరం కాసేపు కూర్చున్నాక, ఆ రోజు నేను చేసిందంతా చెప్పాను, అరబ్బీలోనే.



"ఆ మాట డాక్టరన్నాడనే చెప్పింది నానమ్మ," అంది సల్మా. "మాకు తెలిసిందంతే. నీ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు."