ఒక్క ఆధారం దగ్గర ఆగిన మనిషి

అది ఎనభైల నాటి మాట. వారం రోజులు గాజుల పెట్టె మోసి, కాళ్లు వాచి, ధర్మవరంలో హిందూపురం బండెక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన, మగ్గం నేసే మనిషి, వారపత్రికలోని గళ్ల నుడికట్టులో ఒక్క ఆధారం దగ్గర ఆగిపోయాడు. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు, చిత్రంగా, జవాబు తట్టింది. నోరు తెరిచాను.

"చెప్పొద్దప్పా!" అని చేయి అడ్డం పెట్టాడు. "ఇంకొకరు చెప్తే ఆ గళ్లు ఖాళీగా ఇడిసిపెట్టాల. గళ్లు నింపే మా పెనుకొండ జట్టు కట్టుబాటు అది. నాలుగు దినాలుగా దీంతోనే కొట్టుకులాడతాండా."

"మరి మగ్గం?"

"దాన్ని మా ఆడమనిషి చూస్తాది."

పెనుకొండలో దిగబోతూ దిగాలుగా అడిగాడు. "నిజంగా నీకు ఒక్క చూపుతోనే వచ్చిందా?"

"ఎక్కడండీ, ఊరికే బడాయి పోయాను."

ఆయన ముఖం తేటపడింది. లేని తెలివి చూపించుకుంటూ బతికినవాణ్ణి, ఉన్నదాన్ని దాచుకోవడం అదే మొదలు.