ఆకుపచ్చా, పసుపుపచ్చా

మొన్న పొద్దున పక్కింటి అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ల హాల్లోకి లాక్కెళ్లింది. కిటికీ దగ్గర తెల్లటి పింగాణీ కుండీలో ఆర్కిడ్ మొక్క. సన్నటి కాడకు ఆరు పూలు, లేత గులాబీ రంగువి. వేలితో తాకితే రేక చల్లగా, కాస్త మందంగా తగిలింది. "కొన్నప్పుడు ముదురు ఊదా రంగులో పూసింది కదా ఆంటీ! ఇప్పుడు చూడండి. మా ఆయన నమ్మడం లేదు, మొదట్నుంచీ ఇదే రంగంటున్నాడు. మీరైనా చెప్పండి," అంది. నేను రోజూ వాళ్లింటికి వెళ్తాను. ఆ కిటికీ పక్కనే కూర్చుని కాఫీ తాగుతాను. అయినా "నేను సరిగా చూడలేదమ్మా" అన్నాను. "ఒక్క మాట సాయం చేస్తే మీ సొమ్మేం పోతుంది ఆంటీ?" అని ఆ పిల్ల నవ్వింది. ఇంటికొచ్చాక చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. దయామణిగారు గుర్తొచ్చారు.

దయామణిగారు ఎవరో మీకు తెలిసే వీల్లేదు. నెల్లూరు జిల్లా బోగోలు నుంచి సముద్రం వైపు పోయే దారిలో అప్పట్లో పన్నెండు మంచాల చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. అందులో రక్తం, మూత్రం పరీక్షించే గది ఆమెది. యాభైల చివర్లో నేను ఎస్సెస్సెల్సీ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చుని ఉంటే, మా అమ్మ పోరు పడలేక డాక్టరుగారు నన్ను ఆమె కింద పనికి పెట్టారు. నాకప్పుడు పందొమ్మిది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు. తెల్ల చీర, మోచేతుల దాకా జాకెట్టు, తలలో పువ్వు పెట్టగా నేనెన్నడూ చూడలేదు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. మిగతా ఆరు రోజులూ మాత్రం ఆ గొంతు వింటే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని.

ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో చక్కెర జబ్బు కనిపెట్టడానికి మిషన్లు లేవు. గాజుగొట్టంలో నీలం రంగు మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు. పసుపైతే ఎక్కువ, నారింజ అయితే ఇంకా ఎక్కువ, ఇటుక రంగు తేలిందంటే మనిషి ప్రమాదంలో ఉన్నట్టు. కంటిని నమ్ముకోవడం తప్ప వేరే దారి లేదు. అందుకే దయామణిగారు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి గొట్టాన్నీ ఇద్దరం చూడాలి, రిజిస్టర్లో ఇద్దరం పొట్టి సంతకం చెయ్యాలి. మొదటి రోజు నేను గొట్టం పైకెత్తి, "పచ్చగా ఉందమ్మా," అన్నాను.

"పచ్చ అంటే?"

"పచ్చంటే పచ్చేనమ్మా."

"ఆకుపచ్చా, పసుపుపచ్చా? ఆకుపచ్చయితే అన్నం తగ్గించుకోమంటారు. పసుపుపచ్చయితే సూది వెయ్యాల్సొస్తాది. నువ్వు పచ్చ అని ఊరుకుంటే డాక్టరుగారు ఏం చెయ్యాల? ఈ గదిలో ఆ మాట ఇంకోసారి నాకు వినబడగూడదు."

నేను ఏడ్చినంత పని చేశాను. కానీ ఆ మాట ఎంతగా నాటుకుందంటే, ఇంట్లో అమ్మ పచ్చ చీర తీసుకురమ్మంటే "ఏ పచ్చ?" అని అడిగి తిట్లు తినేదాన్ని.

సముద్రం ఒడ్డు పల్లె నుంచి మస్తానమ్మ అని ఒకామె వచ్చేది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. దయామణిగారు మోకాళ్లు పట్టుకుని లేవడం చూసి, ఒకరోజు ఏదో మామిడితోపు నుంచి బదనికను కొమ్మతో సహా కొట్టుకొచ్చింది. ఇప్పుడు కుండీల్లో పెంచుతూ ఆర్కిడ్ అంటున్నారే, బదనిక ఆ జాతిదే. "నూరి పట్టెయ్యమ్మా, వారం తిరిగేకొందికి పరిగెత్తతావు," అంది. దయామణిగారు నూరలేదు. కొమ్మను తీగతో చుట్టి మా గది కిటికీకి వేలాడదీసి, రోజూ నీళ్లు చిలకరించేవారు. ఆ ఎండాకాలం అది పూసింది. ఆమె మురిసిపోయి నన్ను పిలిచి చూపించారు. నేను ఇలా చూసి అలా వచ్చేశాను. ఆ వయసులో మల్లెపూలు తప్ప మిగతావేవీ నా లెక్కలో పూలు కావు.

తర్వాతి చలికాలంలో మస్తానమ్మ కాలి పుండు మానడం లేదని వచ్చింది. దయామణిగారు పరీక్ష చేసి, ఫలితం రాసి, "గొట్టం అట్టనే పెట్టినా, చూసి సంతకం చెయ్యి," అని నాకు కేకేసి వార్డులోకి వెళ్లారు. నేను వరండాలో ఉన్నాను. గాజులమ్మే ఆమె గంప దించింది, నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. రెండు డజన్లు వేయించుకుని లోపలికొచ్చి, దయామణిగారి సంతకం పక్కన నా సంతకం గీకి, గొట్టాలన్నీ ఒక్కసారే కడిగేశాను. వాటి వంక చూడనైనా లేదు. రిజిస్టర్లో ఆమె రాసింది "ఆకుపచ్చ" అని.

అన్నం తగ్గించి నెలకు మళ్లీ రమ్మన్నారు డాక్టరుగారు. మస్తానమ్మ రాలేదు. మూడు నెలల తర్వాత ఒంటి మీద స్పృహ లేకుండా ఎడ్లబండిలో తెచ్చారు. ఈసారి గొట్టంలో ఇటుక రంగు. అది మాత్రం ఇద్దరం చూశాం. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. "రమ్మన్నప్పుడు రాలేదు. మూడు నెలల్లో జబ్బు ఎంతైనా ముదరొచ్చు. ఇందులో మీ తప్పేముంది?" అని డాక్టరుగారు సర్దిచెప్పారు. దయామణిగారు మాత్రం సాయంత్రం రిజిస్టర్లో ఆ పాత పేజీ తీసి పెట్టుకుని కూర్చున్నారు. వెనక నుంచి నా సంతకం కనబడింది. కడిగిన గొట్టాలనే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

పదిహేను రోజులకు బదనిక మళ్లీ పూసింది. పసుపు రేకులు, వాటి మీద తేనెరంగు గీతలు. దయామణిగారు చెంబు పట్టుకుని దాని ముందు నిలబడిపోయారు.

"రాజీ, పోయినేడు ఈ పూలు ఏ రంగులో ఉండినాయి?"

నాకు తెలియదు. తెలియదంటే, కళ్లెదుట పూసిన పువ్వునే చూడనిదానివి గొట్టాలేం చూస్తున్నావని అడుగుతారు. అక్కణ్ణుంచి మాట మస్తానమ్మ దాకా పోతుంది. ఆ భయంతో, "ఇట్టనే పచ్చగానే ఉండినాయమ్మా," అన్నాను.

"బాగా చూసినావా? బూడిద కలిసిన నీలం అని నాకు గుర్తు."

"కాదమ్మా. ఇదే రంగు. నాకు బాగా గుర్తుంది."

ఏ పచ్చ అని ఆమె అడగలేదు. ఆ మాట అన్నందుకు కోప్పడలేదు. నాకు అప్పుడైనా అర్థమై ఉండాల్సింది.

ఆ రోజు నుంచి ప్రతి గొట్టానికీ "ముందు నువ్వు చెప్పు," అనేవారు. నన్ను మెచ్చి పెద్దదాన్ని చేస్తున్నారనుకుని నేను పొంగిపోయాను. ఒక్కో గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, తిప్పి తిప్పి చూసి, నేను చెప్పిన రంగే రాసేవారు. చివరికి డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, "నా కళ్లు రంగులు తప్పు చెప్తా ఉండాయి. ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంక ఈ పని నేను చెయ్యను," అన్నారు. నెల్లూరులో కంటి డాక్టరు చూసి, వయసుకు తగ్గ మసక తప్ప ఏమీ లేదన్నారు. ఆ మసక అన్న ఒక్క మాట ఆమెకు చాలింది. కొన్నాళ్లు కట్టుగుడ్డలు కత్తిరించే పని చేసి, కోవూరులో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. ఆమె స్టూలు నాకొచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను, దాచడమెందుకు.

మరుసటి ఎండాకాలం బదనిక రెండు కాడలు వేసింది. ఒక కాడకు పసుపు పూలు. రెండో కాడకు నీలం, అచ్చంగా ఆమె చెప్పిన బూడిద కలిసిన నీలం. తీగ విప్పి చూశాను. కొమ్మకు ఉన్నవి రెండు మొక్కలు. వేళ్లు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఒకటే అనిపించాయి. మొదటి ఏడు ఒకటి పూసింది, రెండో ఏడు ఇంకొకటి. ఆమె కళ్లు తప్పలేదు. నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి తన కళ్లను నమ్మడం మానుకుంది ఆ మహాతల్లి. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం రెండు కాడలూ కోసి, తడిగుడ్డలో చుట్టుకుని కోవూరు బస్సెక్కాను. ఇక ఏదీ దాచకూడదని దారి పొడవునా ఒట్టు పెట్టుకున్నాను. దయామణిగారు అరుగు మీద చేట ముందేసుకుని బియ్యం ఏరుతున్నారు. బాగా చిక్కిపోయారు. పూలు ఆమె ఒళ్లో పెట్టి, "రెండు మొక్కలుండినాయమ్మా. నేనే అబద్ధం చెప్పినా. మొదటేడు పూసింది నేను సరిగా చూడనే లేదు," అన్నాను.

ఆమె కాడలను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "ఇది నీలం. ఇది పసుపు."

"అవునమ్మా."

"అయితే నా కళ్లు బాగానే ఉండినాయా?" ఆమె పైకే నవ్వారు. అన్నేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ, "చిన్నదానివి, భయపడినావు. పోనీలే," అని నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగారు.

"ఒక మాట చెప్పు. ఇన్నాళ్లూ అడిగేదానికి ధైర్యం చాల్లా. మస్తానమ్మ మొదట వచ్చినప్పుడు ఆ గొట్టం ఆకుపచ్చే గదా? నీ సంతకం ఉండాది. నిద్ర పట్టనప్పుడల్లా ఆ సంతకాన్నే తలుచుకుంటా. నా కళ్లు తప్పినా రాజీ కళ్లు తప్పవు, అది చిన్నపిల్ల, అది కూడా చూసింది అని."

ఒక్క మాట అంటే చాలు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ బస్సులో పెట్టుకున్న ఒట్టు అడ్డం పడింది.

"చూళ్లేదమ్మా. గాజులు వేయించుకుంటా ఉన్నా. చూడకుండానే సంతకం పెట్టి కడిగేసినా."

ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. "నిజం చెప్పినావు. మంచిది," అన్నారు ఎదురుగా వరిచేల వంక చూస్తూ. తర్వాత, "అన్నం తిని పో. బస్సు మూడింటికి గాని లేదు," అన్నారు. చేపల పులుసు తానే వడ్డించి పక్కన కూర్చున్నారు. తాను తినలేదు. డాక్టరుగారు తిరిగి రమ్మని ఉత్తరం రాస్తే రాలేదు. ఆ ఏడు వానల్లో జ్వరం వచ్చి పోయారని కబురొచ్చింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేశాను. చూడని దాని కింద ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. చాదస్తమన్నవాళ్లున్నారు, పొగరన్నవాళ్లున్నారు, పట్టించుకోలేదు. అది ఆమె పెట్టిన భిక్ష. కానీ కోవూరు అరుగు మీద నేను చెప్పిన నిజం ఎవరి కోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నా బరువు నేను దించుకున్నాను. ఆమె ఆనుకున్న ఒక్క ఆధారాన్నీ తీసేశాను. అబద్ధమాడి ఉంటే ఆమె ఒప్పుకునే మనిషి కాదని తెలుసు. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ, ఒక్కోసారి పైకే అంటూ ఉంటాను: "చూసినానమ్మా. ఆకుపచ్చే."